సెంటర్ ఫార్వర్డ్ చెప్పిన తేదీలు

"ఈ రోజు తేదీ ఎంత, మిస్టర్ లుపాష్?"

"మే తొమ్మిది."

"సంవత్సరం?"

"పంతొమ్మిది వందల ఇరవయ్యారు."

"వారం?"

"ఆదివారం."

వసుమతి రాసుకుంది. అది 1980 అక్టోబరు, మంగళవారం. ఎదురు కుర్చీలో కూర్చున్న ముసలాయన నుదుటి మీద కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. ఆయన ఆమె ముఖం చూడటం లేదు. ఆమె వేళ్ళ మధ్య కదులుతున్న కలాన్ని చూస్తున్నాడు, కుక్కను పట్టుకున్నవాడి చేతిలోని గొలుసును చూసినట్టు.

"మీరేం పని చేస్తారు?"

"సెంటర్ ఫార్వర్డ్."

"మీ చెల్లెలు ఎప్పుడు పోయారు?"

"1929, సెప్టెంబరు ఒకటి. ఆదివారం."

ఆ చెల్లెలు ఈ ఊళ్ళోనే, ఇదే ఆస్పత్రిలో, రెండున్నరేళ్ళ కిందట పోయింది. ఆ సంగతి ఆస్పత్రి రికార్డులోనే ఉంది.

ఔరెల్ లుపాష్ వయసు డెబ్బై ఏడు. దేశం రుమేనియా. జెర్సీ సిటీలో పార్కు దగ్గర ఒక పాత భవనం మూడో అంతస్తులో ఒంటరిగా ఉంటాడు. కిందటి వారం పార్కులో మెట్టు తప్పి పడ్డాడు. తల పగిలింది. పరుగెత్తుకొచ్చిన పోలీసు జేబులోంచి కాగితం తీసి పేరు, తేదీ అడిగితే, పేరు సరిగ్గానే చెప్పాడు గాని తేదీ మాత్రం యాభై ఏళ్ళ కిందటిది చెప్పాడు. ఎమర్జెన్సీ డాక్టరుకీ అదే తేదీ, వార్డు నర్సుకీ అదే. ఉద్యోగం సెంటర్ ఫార్వర్డ్ అన్నాడు, అంటే ఫుట్‌బాల్‌లో ముందుండి గోల్స్ కొట్టేవాడు. తలలో రక్తం గడ్డ ఏమన్నా ఉందేమోనని ఫొటో తీశారు. ఏమీ లేదు. గాయం మానుతోంది. మనిషే అనుమానం.

"కాలం మీద పట్టు పోయింది. పైగా తను గొప్ప ఆటగాడినన్న భ్రమ," అన్నాడు వార్డు పెద్ద డాక్టర్ హాలొవే. చెడ్డమనిషి కాదు. అలసిపోయిన మనిషి. "అతన్ని ఒంటరిగా ఇంటికి పంపితే రేపు గ్యాస్ పొయ్యి ఆపడం మరచిపోతాడు. భవనంలో ఇంకా ఇరవై కుటుంబాలున్నాయి. శుక్రవారం మీటింగు పెడదాం. అప్పుడూ ఇవే జవాబులైతే కోర్టుకి రాసి, అతనికి గార్డియన్‌ని నియమించమని అడగాలి. ఆ తర్వాత స్టేట్ హాస్పిటల్."

స్టేట్ హాస్పిటల్ అంటే తాళం వేసే వార్డు. ఆ వయసులో దాంట్లోకి వెళ్ళి తిరిగి వచ్చినవాళ్ళను వసుమతి చూడలేదు. జవాబులు సరిగ్గా ఉంటే, వారానికోసారి నర్సు వచ్చి చూసే ఏర్పాటుతో ఇంటికి పంపుతారు. ఈ రెంటి మధ్య ఉన్నది ఆమె పరీక్ష.

ఆమె సైకాలజిస్టుగా ఈ ఆస్పత్రిలో చేరి ఏడాది కావస్తోంది. గుంటూరులో ఎమ్మే, ఇక్కడ డాక్టరేటు. ఎదుటి మనిషి మనసులోకి దిగే మెట్లు తనకు తెలుసని చదువుకున్న రోజుల్లో అనుకునేది. ఉద్యోగంలో చేరాక తెలిసిందేమిటంటే, మెట్లు దిగుతున్నానని అనుకున్న చాలాసార్లు తను గుమ్మంలోనే నిలబడి ఉంది. ఇంటర్వ్యూలు అయ్యాక ఆమె కారిడార్ చివరి కిటికీ దగ్గర కాసేపు ఒంటరిగా నిలబడేది. ఎదుటివాళ్ళ మాటల్లోంచి తన మాటల్ని వేరు చేసుకోవడానికి ఆ మాత్రం నిశ్శబ్దం కావాలి.

ఆ రోజు ఆ కిటికీ దగ్గర ఆమెను ఒక విషయం పట్టుకుంది. మతి తప్పినవాళ్ళ జవాబులు మారతాయి. పొద్దున 1940, మధ్యాహ్నం 1965. ఈయన జవాబులు మారడం లేదు. పోలీసుకి చెప్పినదే తనకీ చెప్పాడు. కాలం కోల్పోయిన మనిషి ఒకే ఆదివారాన్ని అంత గట్టిగా ఎలా పట్టుకుంటాడు?

*

ఇంటికి వచ్చేసరికి మామగారు కొండల్ రావు టీవీ ముందు కూర్చుని స్పానిష్ చానల్లో ఫుట్‌బాల్ చూస్తున్నాడు. ఆయనకు స్పానిష్ ఒక్క ముక్క రాదు. ఆరు నెలలుండి పోదామని సికింద్రాబాద్ నుంచి వచ్చాడు. వచ్చిన వారానికే రిమోట్‌తో అన్ని చానల్స్ వెతికి, ఈ దేశంలో ఫుట్‌బాల్ అంటే చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట అని తెలిసి ఒకరోజంతా మాట్లాడలేదు. తర్వాత ఈ చానల్ దొరికింది.

"ఏందమ్మా, మొఖం గట్ల పెట్టినవ్? ఆఫీసుల ఎవరన్న తిట్టిన్రా?"

"తిట్టలేదు మామయ్యా. ఒక పేషెంటు ఉన్నాడు. ఇరవయ్యారులో రుమేనియాకి సెంటర్ ఫార్వర్డ్ ఆడానంటున్నాడు. ఎవరూ నమ్మట్లేదు."

కొండల్ రావు టీవీ గొంతు తగ్గించాడు. అది ఆయన మామూలుగా చేసే పని కాదు. లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఆయన ఫిట్టరు. వర్క్‌షాపు టీములో పదమూడేళ్ళు గోల్‌కి అడ్డుగా నిలబడే బ్యాక్ ఆడాడు. హైదరాబాదులో ఫుట్‌బాల్ అంటే జనం చెట్లెక్కి చూసిన రోజులవి.

"నువ్వేమడిగినవ్?"

"తేదీ, వారం, ప్రెసిడెంట్ పేరు."

"ఆట గురించి?"

"ఎన్ని గోల్స్ కొట్టారని అడిగా. చాలా కొట్టాను, గుర్తు లేదన్నాడు. అదే డౌటు. నిజంగా ఆడినవాడికి గుర్తుండదా?"

కొండల్ రావు పెద్దగా నవ్వాడు. "గోల్స్ సంగతి ఎవడైన చెప్తడమ్మా. ఇరానీ హోటల్ల కూసున్న ప్రతోడు చెప్తడు, నేను గొట్టిన, నేను గొట్టిన అని. మిస్సయినయి అడుగు. అవి ఆడినోనికే ఎర్క."

"మీకు గుర్తున్నాయా?"

"నేను బ్యాక్‌ని. నేను మిస్సయితే అవతలోనికి గోల్." ఆయన మళ్ళీ టీవీ వైపు తిరిగాడు. కాసేపాగి, ఎవరూ అడగకుండానే, "ఒకటుంది. ఇప్పుడొద్దు. అన్నం తినేటప్పుడు చెప్పెటిది కాదు," అన్నాడు.

భర్త శ్యామ్‌సుందర్ మాన్‌హట్టన్ నుంచి రైల్లో వచ్చేసరికి ఇద్దరూ అన్నాలు తినేశారు. "ఏం మాట్లాడుకుంటున్నారు?" అని అడిగాడు. "నీకు తెల్వదు తియ్యి, నువ్వు క్రికెట్ గానివి," అన్నాడు తండ్రి.

వసుమతి పక్క మీద పడుకుని ఆలోచించింది. పూర్తయిన పనిని మనసు మూసేస్తుంది. గోల్ పడగానే ఆ క్షణం ముగిసిపోతుంది. చప్పట్లు దాని మీద మూత పెడతాయి. తప్పిన గోల్ తెరిచే ఉంటుంది. ఆ బంతి ఇంకా గాలిలోనే ఉంటుంది. ఇది ఆమె పుస్తకాల్లో చదివిందే. మామగారు ఏ పుస్తకం చదవకుండా చెప్పినందుకు ఆమెకు కొంచెం నవ్వూ, కొంచెం ఉక్రోషం కూడా వచ్చాయి.

*

మర్నాడు లుపాష్ గదిలో హీటరు పాడైంది. నర్సు ఆయన కుర్చీని ఎండ పడే కిటికీ దగ్గరికి జరిపింది. రెండో కుర్చీకి ఎదురుగా చోటు లేదు. వసుమతి ఆయన పక్కనే కూర్చుంది. ఇద్దరూ కిటికీలోంచి కింద పార్కింగ్ లాట్ చూస్తున్నారు. చలికి చేతులు కోటు జేబుల్లో పెట్టుకుంది. కలం బ్యాగులోనే ఉండిపోయింది.

"మిస్టర్ లుపాష్, మీరు తప్పిన గోల్స్ గుర్తున్నాయా?"

ఆయన తల మెల్లగా తిరిగింది. మొదటిసారి ఆమె ముఖం చూశాడు.

"ఏది?" అన్నాడు.

ఆయన ఇంగ్లీషు మూడు భాషలు దాటి వచ్చేది. ఇంట్లో రుమేనియన్, వీధిలో హంగేరియన్, వర్క్‌షాపులో జర్మన్. మాటలు చిన్నవి, వాటి మధ్య ఖాళీలు పెద్దవి. అయినా ఆ పూట ఆయన ఆగకుండా చెప్పాడు.

ఆయన పుట్టింది తిమిషోవారా అనే ఊళ్ళో, రైల్వే వర్క్‌షాపు వెనక. అప్పుడా ఊరు వియన్నాలో ఉండే చక్రవర్తిది. పదహారేళ్ళు వచ్చేసరికి రుమేనియాది అయింది. ఇల్లు మారలేదు, దేశం మారింది. వర్క్‌షాపులో లేతు యంత్రం మీద పని. ఆదివారం ఆట. గుడ్డపేలికలు కుక్కిన బంతితో మొదలుపెట్టి, తోలుబంతి దాకా వచ్చాడు. పొట్టిగా ఉండేవాడు. గోల్‌కీపరు తనను చూడకముందే తను గోల్‌ని చూసేవాడట. ఇరవై మూడేళ్ళకు రాజధాని బుకారెస్టుకి రమ్మని కబురొచ్చింది. దేశం తరఫున ఆడాడు.

"ఆట ఇంకా కొన్ని నిమిషాలే ఉంది. గోల్‌కీపరు కింద పడ్డాడు. బంతి నా ముందుకి వచ్చింది. గోల్ మొత్తం ఖాళీ. మీరు కొట్టినా పడుతుంది డాక్టర్, ఈ చీర కట్టుకునే కొట్టొచ్చు." ఆయన కుడికాలు కిటికీ గోడకు మెల్లగా తగిలింది. "గడ్డిలో చిన్న గుంట. బంతి ఇంత ఎగిరింది. ఇంతే. నా బూటు కింద తగిలింది. బంతి పైకి పోయింది. ఇంకా కిందకి రాలేదు."

"ఇంకోటి?"

ఇంకోటి సొంత ఊళ్ళో. పెనాల్టీ. బంతి గోల్ స్తంభానికి తగిలి తిరిగి ఆయన కాలి దగ్గరికే వచ్చింది. పెనాల్టీ కొట్టినవాడు, వేరే ఎవరైనా ముట్టేదాకా, ఆ బంతిని రెండోసారి ముట్టకూడదు. అది నియమం. ఆయన కొట్టేశాడు. బంతి వలలో పడింది. జనం అరిచారు. రిఫరీ చెయ్యి అడ్డంగా ఊపాడు.

"నియమం మీకు తెలీదా?"

"తలకి తెలుసు," అన్నాడు లుపాష్. "కాలికి తెలీదు."

1933లో మోకాలు విరిగింది. ఆ తర్వాత వర్క్‌షాపు పిల్లలకు ఆట నేర్పాడు. యుద్ధం వచ్చింది, పోయింది. యాభైల దగ్గరికి వచ్చేసరికి ఆయన మాటలు సన్నబడ్డాయి. "తర్వాత లేతు," అన్నాడు. "తర్వాత చెల్లెలు ఇక్కడికి పిలిచింది." మధ్యలో ఏదో తలుపు మూసి ఉంది.

వసుమతికి మాత్రం పట్టరాని సంతోషంగా ఉంది. ఈ మనిషికి మతి చక్కగా ఉంది. ఒక్క మాట అటూ ఇటూ పోలేదు. ఇప్పుడే అడిగేస్తే సరిపోతుందనుకుంది. బ్యాగు తెరిచి ఫారం తీసింది. కలం తీసింది. కుర్చీ ఆయన వైపు తిప్పుకుంది.

"మిస్టర్ లుపాష్, ఈ రోజు తేదీ ఎంత?"

ఆయన కళ్ళు కలం మీదికి దిగాయి. ముఖం ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిపోయినట్టు అయింది.

"మే తొమ్మిది. 1926. ఆదివారం."

ఆమె కలం పట్టుకునే చాలాసేపు కూర్చుంది. బుకారెస్టు మైదానం, గడ్డిలో గుంట, పైకి పోయిన బంతి. అది ఆ తేదీయే అయి ఉంటుంది. చెల్లెలు పోయిందన్న తేదీ పెనాల్టీది. ఈయన తేదీలు మరచిపోవడం లేదు. వాటిని ఇస్తున్నాడు. ఎందుకో తెలియదు. శుక్రవారానికి ఇంక ఒక్క రోజే ఉంది.

*

గురువారం విజిటింగ్ అవర్స్‌లో ఆమె మామగారిని వెంటబెట్టుకొచ్చింది. కొండల్ రావు దార్లో కారు ఆపించి ఒక బంతి కొన్నాడు. "బంతి ముట్టంగనే తెలుస్తది, ఆడినోడా, ఆడనోడా అని. మీ ఫారాలన్ని బేకార్," అన్నాడు.

ఆస్పత్రి వెనక గడ్డిలో ఆయన బంతిని దొర్లించాడు. లుపాష్ కాలు చాపాడు. బంతి పక్కకు తగిలి పొదల్లోకి పోయింది. రెండోసారి అసలు తగల్లేదు. కొండల్ రావు తనే చూపిద్దామని పరుగెత్తి కొట్టబోయి, జారి కూర్చున్నాడు. నర్సు ఒకామె వరండాలోంచి అరిచింది.

"సంబడం!" అన్నాడు కొండల్ రావు వెనక దులుపుకుంటూ. "ఇద్దరం ఫెయిల్."

డెబ్బై ఏడేళ్ళ కాలు దేనికీ సాక్ష్యం కాదు. ఇద్దరూ బెంచీ మీద కూలబడ్డారు. వసుమతి వాళ్ళ వెనక నిలబడింది. ఇద్దరివీ రెండు రకాల విరిగిన ఇంగ్లీషులు. అయినా చిత్రంగా, ఒకరిది ఒకరికి అర్థమవుతోంది. ఇద్దరూ రైల్వే వర్క్‌షాపువాళ్ళని తెలిశాక ఆ ఆయిల్ వాసన సబ్బుతో ఎందుకు పోదో కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత బూట్ల మాట వచ్చింది. మేకుల బూట్లు మడమలు ఎలా కోసేసేవో లుపాష్ చెబుతున్నాడు.

"మాకు ఆ బాధ లేదు సార్," అన్నాడు కొండల్ రావు. "మేము బూట్లు లేకుండ ఆడినం."

"ప్రాక్టీసులో?"

"మ్యాచుల్ల."

"అవతలివాళ్ళు కూడా బూట్లు లేకుండా?"

"కొందరికి లేవు. మిలిటరీ టీములకుండె. మేము కాలికి ఇట్ల పట్టీ చుట్టుకునేటోళ్ళం, గంతే."

"మేకుల బూట్ల మీదికి? ఉత్త కాళ్ళతో? బ్యాక్?"

"బ్యాకే."

లుపాష్ చాలా మర్యాదగా తల ఊపాడు. కొండల్ రావు కాఫీ తెస్తానని మెషీన్ దగ్గరికి వెళ్ళగానే ఆయన వసుమతిని దగ్గరికి రమ్మని సైగ చేశాడు. గొంతు తగ్గించాడు.

"డాక్టర్, మీ మామగారికి ఇలా ఎంతకాలంగా ఉంది?"

వసుమతికి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక నవ్వు ఆగలేదు. బెంచీ పట్టుకుని నవ్వింది. ఆస్పత్రిలో చేరాక అలా నవ్వడం అదే మొదటిసారి.

"నిజమేనండీ. మా దేశంలో అప్పుడందరూ అలాగే ఆడారు."

"మీరు చూశారా?"

"లేదు. నాకు ఊహ తెలిసేసరికి ఆయన మానేశారు."

"మరెలా తెలుసు?"

ఆమె ఆలోచించింది. "అబద్ధం చెప్పేవాళ్ళు ఎదుటివాళ్ళు నమ్మేలా చెబుతారు. ఇది ఎవరూ నమ్మేలా లేదు. అయినా మీరు నమ్ముతారో లేదోనని ఆయన ఒక్కసారి కూడా చూడలేదు. కాఫీకి వెళ్ళిపోయారు."

కొండల్ రావు మూడు కప్పులు పట్టుకుని వచ్చాడు. సంగతి విని కప్పులు ఒలికేలా నవ్వాడు. "నన్నే పిచ్చోడంటడా? మస్తుగుంది! కోయీ బాత్ నహీ సార్. మా కోడలు ముంగట కూసుంటే ప్రతోడు పిచ్చోడే. నా కొడుకును అడుగు."

లుపాష్ నవ్వలేదు. కప్పు రెండు చేతుల్తో పట్టుకుని గడ్డి వైపు చూస్తున్నాడు. మెల్లగా, ఎవరితోనూ కాక గడ్డితోనే చెబుతున్నట్టు మొదలుపెట్టాడు.

1952లో, కమ్యూనిస్టు ప్రభుత్వంలో, ఆయనను రహస్య పోలీసులు తీసుకుపోయారు. వర్క్‌షాపు క్లబ్బుకి ఒకప్పుడు ప్రెసిడెంటుగా ఉన్నాయన దేశం విడిచి పారిపోయాడు. ఆయన్ని ఎవరు ఎప్పుడు కలిశారో చెప్పాలి. ఒక గది, ఒక బల్ల, బల్ల అవతల కలం పట్టుకున్న మనిషి. నిజం చెబితే ఎవరో ఒకరి ఇంటి తలుపు కొడతారు. అబద్ధం చెబితే, మూడో రోజు మళ్ళీ అదే ప్రశ్న వేస్తారు. నిద్ర లేని తలలో అబద్ధం నిలవదు. మారుతుంది. మారిందంటే పట్టుకుంటారు.

"నాకు మారని తేదీలు అవే ఉన్నాయి," అన్నాడు. "తప్పిన గోల్స్. ఎప్పుడు కలిశావు? మే తొమ్మిది, ఇరవయ్యారు. ఏం మాట్లాడారు? సెప్టెంబరు ఒకటి. ఎన్నిసార్లు అడిగినా అవే. చలికాలమంతా అవే. చివరికి వీడికి మతి లేదని రాసుకుని వదిలేశారు."

కొండల్ రావు తన కోటు విప్పి ఆయన భుజాల మీద వేశాడు.

"ఇప్పుడు కూడా చెప్పేది నేను కాదు డాక్టర్. కలం చూస్తే నోరు చెప్పేస్తుంది. తలకి తెలుసు..." చెయ్యి గాలిలో ఊపి వదిలేశాడు.

"రేపు బల్ల ఉంటుంది," అంది వసుమతి. ఆయన దగ్గర దాచడం ఇష్టం లేకపోయింది. "ముగ్గురుంటారు. కలాలుంటాయి. నేను రాసిందంతా ఇస్తాను గాని, వాళ్ళు మీ నోట వినాలంటారు. వాళ్ళు ఆ మనుషులు కారు, మిస్టర్ లుపాష్."

"మేము పాత పోలీసులం కాదని వాళ్ళూ అన్నారు."

దానికి జవాబు చెప్పడం అప్పుడు అవమానించడమే అవుతుందనిపించింది.

*

శుక్రవారం ఉదయం ఆమె హాలొవే గదికి వెళ్ళి అంతా చెప్పింది. ఆయన శ్రద్ధగా విన్నాడు. మీటింగులో కలాలు బల్ల మీద పెట్టవద్దని, కుర్చీలు గుండ్రంగా వేయమని అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెప్పింది నేను నమ్ముతున్నాను. కాని అతను ఇంటికి పోతే బ్యాంకులో కలాలుండవా? పోస్టాఫీసులో? రేపు మళ్ళీ పడితే పోలీసు కాగితం తీయడా? అతని కోసం లోకాన్నంతా గుండ్రంగా వేయలేం."

ఆమెకు కోపం వచ్చింది. ఆ కోపం నిలవకపోవడం ఇంకా కష్టంగా అనిపించింది. హాలొవే అన్నది నిజం.

గదిలో పొడుగాటి బల్ల. ఒకవైపు హాలొవే, సోషల్ వర్కరు, ఆస్పత్రి లాయరు. ముగ్గురి ముందూ పసుపు కాగితాలు. వసుమతి గోడ పక్కన కూర్చుంది. ఆమె మాట్లాడటానికి లేదు. లుపాష్ షేవ్ చేయించుకుని, మెడ దాకా గుండీలు పెట్టుకుని వచ్చాడు. కూర్చున్నాడు. చేతులు బల్ల మీద పెట్టి, మళ్ళీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"గుడ్ మార్నింగ్ మిస్టర్ లుపాష్. ఈ రోజు తేదీ చెబుతారా?"

లాయరు కలం మూత తీసింది. అది టిక్కుమంది.

"మే," అన్నాడు లుపాష్.

సోషల్ వర్కరు రాయడం మొదలుపెట్టింది. ఆయన నోరు తెరిచే ఉంది. తర్వాతి మాట నాలుక మీదే ఉంది, ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉంది. ఆయన మెడ నరాలు బిగిశాయి. బల్ల కింద ఆయన కుడి పాదం నేలను గట్టిగా అదుముకోవడం వసుమతి చూసింది. పరుగెత్తుతున్న మనిషి తనను తాను ఆపుకున్నట్టు. నుదుటి కుట్ల పక్కన చెమట పట్టింది. హాలొవే కలం కదల్లేదు. ఎవరూ రెండో ప్రశ్న వేయలేదు. అది హాలొవే చేసిన మంచిపని.

"మే తొమ్మిది," అన్నాడు లుపాష్ చివరికి. "అది 1926. ఆ రోజు నేను గోల్ తప్పాను." ఊపిరి పీల్చుకున్నాడు. "ఈ రోజు అది కాదు. ఈ రోజు అక్టోబరు. పదిహేడు. 1980. శుక్రవారం."

ఆ నాలుగు మాటలూ నాలుగు బరువైన సామాన్లలా ఒకదాని తర్వాత ఒకటి దించాడు.

"మీ చెల్లెలు ఎప్పుడు పోయారు?"

ఈసారి ఇంకా ఎక్కువసేపు పట్టింది. "1978. జనవరి. మంచు పడుతోంది. బస్సులు లేవు. నేను నడిచి వచ్చాను. అప్పటికే..." ఆయన ఆగాడు. కళ్ళు నిండాయి. ఇన్నాళ్ళూ ఆ చావును ఒక పెనాల్టీ వెనక దాచాడు. ఇప్పుడది తన తేదీతో తను వచ్చి గదిలో నిలబడింది. వసుమతి లేచి వెళ్ళబోయి, ఆగింది. ఆయనకు సాయం అక్కర్లేదు. ఏడవడం ఆయనకు చేతనవుతోంది.

"ప్రెసిడెంట్ ఎవరో చెబుతారా?" అంది సోషల్ వర్కరు, మెత్తగా.

లుపాష్ జేబురుమాలుతో ముఖం తుడుచుకున్నాడు. "ఇప్పుడున్నాయనా, వచ్చే నెల ఎన్నికల్లో గెలిచే ఆయనా?"

లాయరు నవ్వింది. తర్వాత ప్రశ్నలు త్వరగా అయిపోయాయి. గ్యాస్ పొయ్యి ఎలా ఆపుతారు, మందులెక్కడ పెడతారు, కింద ఎవరుంటారు. ఒక్కో దానికీ ముందు చిన్న ఆగడం ఉంది. ఆ ఆగడంలో ఆయన ఎక్కడికి వెళ్ళి వస్తున్నాడో గదిలో ఆమెకొక్కదానికే తెలుసనుకుంది. హాలొవే ముఖం చూశాక, తనొక్కదానికే కాదనిపించింది.

హాలొవే పక్కవాళ్ళతో రెండు మాటలు మాట్లాడి తల ఎత్తాడు. "సోమవారం మీరు ఇంటికి వెళ్ళొచ్చు, మిస్టర్ లుపాష్. నర్సు వారానికోసారి వచ్చి చూస్తుంది. మీరేమైనా అడగాలా?"

"ఒకటి."

"అడగండి."

"మీ పేరు."

హాలొవే తడబడ్డాడు. చాలాసార్లు వార్డుకి వెళ్ళి ఆయన్ని చూశాడు. "డాక్టర్ హాలొవే. కోటు మీద ఉంది కదా."

"అది కోటు పేరు. నన్ను ప్రశ్నలడిగినవాళ్ళెవరూ తమ పేరు చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే ఏమవుతుందో తెలుసు." లుపాష్ కుర్చీ చేతులు పట్టుకుని లేచాడు. లేచాక పొట్టి మనిషి. "ఇప్పుడు అడుగుతున్నాను."

హాలొవే కలం కింద పెట్టాడు. లేచి, బల్ల చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చాడు.

"వాల్టర్," అన్నాడు, చెయ్యి చాపుతూ. "వాల్టర్ హాలొవే."

"ఔరెల్," అన్నాడు ఆయన, చెయ్యి అందుకుని. వెంటనే వదల్లేదు. లాయరు వైపు తిరిగాడు, వంతు ఆమెదన్నట్టు. ఆమె తన పేరు చెప్పడానికి లేచి నిలబడింది.